రక్తం గోలీలు అందుతున్నాయి, ఒంటికి పడుతున్నాయా?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖ, వైద్య ఆరోగ్య శాఖ కమిషనర్లకు

నమస్కారం.

నేను మహిళా డిగ్రీ కళాశాలలో పోషకాహార శాస్త్రం బోధిస్తాను. మా విద్యార్థినులను ప్రాజెక్టు పని మీద అంగన్‌వాడీలకు తీసుకెళ్తుంటాను. గర్భిణులకు అక్కడ పెట్టే ఒక పూట సంపూర్ణ భోజనం గురించి, దాంతోపాటు మింగించే ఐరన్ గోలీ గురించి ఈ లేఖ రాస్తున్నాను. నిధులు అడగడానికి కాదు, కొత్త పథకం పెట్టమనడానికీ కాదు. ఉన్న గోలీని ఏ వేళకు, దేనితో మింగించాలో చెప్పే ఒక్క ఉత్తర్వు కోసం.

తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో ఈ భోజనం నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అమృతహస్తం మొదలుకొని పేర్లు మారుతూ ఇదే తరహా పథకాలు నడిచాయి. ఆలోచన చాలా మంచిది. రేషన్ ఇంటికి పంపిస్తే ఇంటిల్లిపాదీ పంచుకుంటారు, కడుపుతో ఉన్న పిల్లకు మిగిలేది తక్కువ. అందుకే ఆమెను కేంద్రానికే పిలిచి, కూర్చోబెట్టి పెట్టడం. ఈ పథకాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు.

కానీ ఆ పూట జరిగేది ఇది. పళ్లెంలో అన్నం, పప్పు, ఆకుకూర, ఉడకబెట్టిన గుడ్డు. పక్కన 200 మిల్లీలీటర్ల పాలు. తినడం అయిపోతుండగా టీచరు వచ్చి ఎర్ర గోలీ చేతిలో పెట్టి, "నా ముంగట్నే వేసుకోవాలె అక్కా" అంటుంది. ఆమె చేతిలో ఉన్న పాలగ్లాసుతోనే గోలీ మింగేస్తుంది. రిజిస్టరులో టిక్కు పడుతుంది. పైకి చూస్తే అన్నీ సక్రమంగా జరిగినట్టే. ఒక్కొక్కటిగా చూసినా అన్నీ ఆమెకు కావాల్సినవే. అన్నీ ఒకే నిమిషంలో కడుపులోకి వెళ్లడంతోనే వస్తోంది చిక్కు.

200 మిల్లీలీటర్ల పాలలో దాదాపు 240 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. క్యాల్షియం, ఐరన్ ఒకే పూట పేగులోకి చేరితే ఐరన్ గ్రహింపు తగ్గుతుందని దశాబ్దాల క్రితమే తేలింది. గుడ్డు పచ్చసొనలో ఫాస్విటిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, అది ఐరన్‌ను పట్టుకుని వదలదు. పప్పులు, గింజల్లో ఫైటిక్ ఆమ్లం ఉంటుంది, అదీ అంతే. ఇక ఇంటికి చేరగానే ఆమె చాయ్ తాగుతుంది. ఒక కప్పు టీ, భోజనంలోని ఐరన్ గ్రహింపును సగానికి పైగా తగ్గించగలదు, అందులోని టానిన్ల వల్ల. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోనే ఉంది: భోజనానికి ముందూ వెనుకా కనీసం గంట సేపు టీ, కాఫీ వద్దని. ఆ మాట మన అంగన్‌వాడీ గోడ మీదికి ఎందుకు రాలేదో మీరే ఆలోచించాలి.

కేంద్ర ప్రభుత్వం క్యాల్షియం మాత్రల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఐరన్, క్యాల్షియం కలిపి వేసుకోవద్దని స్పష్టంగా ఉంది. మీ ఏఎన్‌ఎంలకు ఆ సంగతి తెలుసు. రెండు గోలీల మధ్య రెండు గంటల ఎడం ఉండాలని వాళ్లు చెబుతూనే ఉంటారు. గోలీగా వచ్చిన క్యాల్షియం గురించి జాగ్రత్త పడుతున్నాం, గ్లాసులో వచ్చిన క్యాల్షియాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఐరన్ శరీరంలో ఏ దారిన పోతుందో కాస్త వివరంగా చెప్పాలి. చెబితేనే నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో అర్థమవుతుంది.

గోలీలో ఉండేది ఫెర్రస్ రూపంలోని ఐరన్. చిన్నపేగు మొదటి భాగంలో దాన్ని లోపలికి తీసుకునే వాహక ప్రొటీన్ ఉంటుంది. అది ఫెర్రస్ రూపాన్నే తీసుకుంటుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండేది ఎక్కువగా ఫెర్రిక్ రూపం, అది ముందు ఫెర్రస్‌గా మారాలి. ఆ మార్పుకు విటమిన్ సి తోడ్పడుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం కూడా ఐరన్ కరిగి ఉండేలా చూస్తుంది. అందుకే గుండెలో మంట అని మెడికల్ షాపులో అడిగి, ఆ ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ గోలీ తెచ్చుకుని రోజూ వేసుకునే గర్భిణికి ఐరన్ గోలీ సరిగా పట్టదు. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పదు, ఎవరూ అడగరు. మాతా శిశు సంరక్షణ కార్డు చూసేటప్పుడు "గ్యాస్ గోలీ ఏమన్నా వేసుకుంటున్నావా?" అన్న ఒక్క ప్రశ్న అడిగించండి.

పేగు కణంలోకి చేరినంత మాత్రాన పని అయిపోదు. అక్కడి నుంచి రక్తంలోకి పోవడానికి ఇంకో ద్వారం ఉంది. దాన్ని మూసేది, తెరిచేది కాలేయంలో తయారయ్యే హెప్సిడిన్ అనే హార్మోను. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు హెప్సిడిన్ పెరిగి ద్వారం మూసుకుంటుంది. ఒక పెద్ద మోతాదు ఐరన్ వేసుకున్నా మర్నాటి వరకు అది పెరిగే ఉంటుంది. ద్వారం దాటిన ఐరన్‌ను రక్తంలో మోసుకెళ్లే ప్రొటీన్‌కు అప్పగించాలంటే రాగి ఉన్న ఎంజైము కావాలి. నిల్వల్లో ఉన్న ఐరన్ బయటికి వచ్చి ఎముక మజ్జకు చేరాలంటే విటమిన్ ఎ కావాలి. మజ్జలో ఎర్ర రక్తకణం తయారవ్వాలంటే ఫోలిక్ ఆమ్లం, బి12, బి6 కావాలి. వీటిలో ఒకటి లోపించినా మిగతావన్నీ ఉండి లాభం లేదు.

ఇదంతా మన నేల మీద మనం ముందే చూసిన పాఠం. దక్కన్ పీఠభూమిలో జొన్నన్నం, జొన్నరొట్టె మీదే బతికిన పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలుగా లేచేది, మనిషి దిగులుగా ఉండేవాడు. అది నియాసిన్ అనే బి విటమిన్ లోపం. 1960లలో హైదరాబాద్‌లో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు దీన్ని పరిశీలించి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం నియాసిన్ వ్యవహారాన్ని దెబ్బతీస్తుండవచ్చని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. అయినా తిండిలో ఒక పదార్థం ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే సరిపోదని, దాని పక్కన ఏముందో కూడా చూడాలని మన ఊళ్లలోని రోగులే మనకు నేర్పారు. ఆ పరిశోధన జరిగిన నగరంలోనే, ఆ చుట్టుపక్కలే, ఇవాళ పాలతో ఐరన్ గోలీ మింగిస్తున్నాం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంతకుముందు 2015–16 సర్వేలో ఈ అంకెలు 60, 56.6. అంటే నాలుగైదేళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. 2018లో, రక్తహీనత తగ్గించడానికి కేంద్రం పెట్టిన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం మొదలైంది. గర్భిణికి రోజూ 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న గోలీ కనీసం 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు. కౌమారంలో ఉన్న పిల్లలకు వారానికో నీలం గోలీ, అంతకంటే చిన్నవాళ్లకు గులాబీ రంగుది. మరి అంకెలు కదలకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. పేదరికం ఉంది, నులిపురుగులున్నాయి, చిన్న వయసు పెళ్లిళ్లున్నాయి, కాన్పుకూ కాన్పుకూ ఎడం లేకపోవడం ఉంది. ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉంది, దానికి ఐరన్ గోలీ మందే కాదు. గోలీ వేళ మార్చితే ఇవన్నీ తీరిపోతాయని నేను అనడం లేదు. ఇన్ని కారణాల్లో రేపటి నుంచే, పైసా ఖర్చు లేకుండా మన చేతిలో ఉన్నది ఇదొక్కటే అంటున్నాను.

పల్లెలో కడుపుతో ఉన్న ఒక ఆడపిల్ల రోజును చూద్దాం. తెల్లారి లేవగానే టీ. తొమ్మిదింటికి టిఫినో, సద్దన్నమో, వెంటనే మళ్లీ టీ. పన్నెండు దాటాక అంగన్‌వాడీలో భోజనం, పాలు. నాలుగింటికి టీ. రాత్రి అన్నం, చివర్లో పెరుగు. ఇందులో రెండు క్యాల్షియం గోలీలు, ఒక ఐరన్ గోలీ ఇరికించాలి. ఐరన్‌కు పాలు, పెరుగు, టీ, క్యాల్షియం గోలీ దేనితోనూ పొత్తు లేదు. వాళ్లకు మనం చెప్పేది "రెండు గంటల ఎడం పాటించమ్మా" అని. గంటలు లెక్కపెట్టి ఎడం వెతుక్కునే పని ఆమె మీద వదిలేస్తున్నాం. కూలికి వెళ్లొచ్చి, వంట చేసుకుని, అత్తగారికి, పెద్ద పిల్లాడికి పెట్టుకునే మనిషి ఆ లెక్క ఎప్పుడు వేస్తుంది?

నేను అడిగేది ఇది. ప్రభుత్వం ఇచ్చేది క్యాల్షియం కార్బొనేట్. అది కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి అన్నంతో పాటు వేసుకుంటేనే బాగా పడుతుంది. ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో ఇబ్బంది కూడా. ఐరన్ దీనికి సరిగ్గా వ్యతిరేకం, తిండికి ఎంత ఎడంగా ఉంటే అంత బాగా పడుతుంది. అన్నంతో వేసుకోవాల్సింది క్యాల్షియం, అన్నానికి దూరంగా వేసుకోవాల్సింది ఐరన్. మన కేంద్రాల్లో తిప్పి చేస్తున్నాం. దీన్ని సరిచేయండి. అంగన్‌వాడీలో భోజనంతో, ఆ పాలతోనే క్యాల్షియం గోలీ మింగించండి. రెండో క్యాల్షియం గోలీ ఉదయం టిఫిన్‌తో. ఐరన్ గోలీ రాత్రి, పడుకోబోయే ముందు, మంచినీళ్లతో. రాత్రి భోజనంలో పెరుగును మధ్యాహ్నానికో, ఉదయానికో మార్చుకోమని చెప్పాలి. రాత్రి వేసుకుంటే ఇంకో మేలుంది. గోలీ వేసుకున్నాక వచ్చే వికారం నిద్రలో గడిచిపోతుంది. వేవిళ్లతో ఉన్నవాళ్లు గోలీ మానేయడానికి ఆ వికారమే కదా పెద్ద కారణం.

మీ అభ్యంతరం నాకు తెలుసు. ఇంటికిస్తే వేసుకోరు, కళ్లముందు మింగించాలనే కదా ఈ ఏర్పాటు చేసింది అంటారు. నిజమే. చెత్తకుప్పల్లో, కాలువ గట్ల మీద ఎర్ర గోలీల స్ట్రిప్పులు మీరూ చూసే ఉంటారు. అందుకే రాష్ట్రమంతా ఒక్కసారే మార్చమనడం లేదు. ఒక్కో రాష్ట్రంలో, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ ప్రాజెక్టు ఒక్కొక్కటి తీసుకోండి. కొన్ని కేంద్రాల్లో రాత్రి గోలీ, ఖాళీ స్ట్రిప్ తెచ్చి చూపిస్తేనే కొత్తది. కొన్ని కేంద్రాల్లో ఐరన్ గోలీ టీచరు ముందే, కానీ పదకొండింటికి వచ్చినప్పుడు నీళ్లతో, పాలేమో భోజనం కూడా అయ్యాక చివర్లో. మిగతావి ఇప్పుడున్నట్టే. మూణ్నెల్ల తర్వాత హిమోగ్లోబిన్, వీలైతే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూడమని జాతీయ పోషకాహార సంస్థను అడగండి. ఏది పనిచేసిందో అంకెలే చెబుతాయి.

ఇంకో అభ్యంతరం శాస్త్రం తెలిసినవాళ్ల నుంచి వస్తుంది. క్యాల్షియం ఐరన్‌ను అడ్డుకోవడం ఒక్క పూట పరీక్షల్లో కనిపించినంతగా నెలల తరబడి చూసినప్పుడు కనిపించదని, శరీరం సర్దుకుంటుందని. ఆ వాదనలో బలముంది, నేను కొట్టిపారేయను. కానీ ఒక గర్భానికి అదనంగా కావాల్సిన ఐరన్ సుమారు 1 గ్రాము. అందులో ఎక్కువ భాగం చివరి నెలల్లో కావాలి. హిమోగ్లోబిన్ ఎనిమిదితో ఐదో నెలలో కార్డు చేయించుకున్న పిల్లకు, శరీరం సర్దుకునేంత వ్యవధి మనం ఎక్కడి నుంచి తెచ్చిస్తాం?

తిండి విషయానికి వస్తే, గోలీకి నీళ్లు చాలు, నిమ్మకాయ అవసరం అన్నంలో. ఆకుకూర పప్పులోని ఐరన్‌కు విటమిన్ సి చాలా మేలు చేస్తుంది. కానీ పప్పు పొయ్యి మీద ఉన్నప్పుడే నిమ్మకాయ పిండితే ఆ విటమిన్ వేడికి చాలావరకు పోతుంది. కేంద్రంలో ఆయమ్మకు చెప్పాల్సింది ఇంతే: పప్పు దించి, కాస్త వేడి తగ్గాక, వడ్డించే ముందు పిండు. లేదంటే పళ్లెంలో ఒక జామకాయ ముక్క పెట్టండి. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, మన ఊళ్లలో అది చౌక కూడా. గోంగూర తింటే రక్తం పడుతుందని మనందరం నమ్ముతాం. గోంగూర మంచిదే, కానీ అందులోని ఆక్సలేట్లు, పాలీఫినాల్స్ వల్ల ఐరన్ పట్టేది తక్కువ. ఒక్క గోంగూర మీదే భారం వేయొద్దని టీచర్లకు చెప్పాలి. క్యారెట్, మునగాకు, తోటకూరల నుంచి విటమిన్ ఎ అందాలంటే తాలింపులో నూనె ఉండాలి. నూనె పొదుపు చేసి ఉడకబెట్టిన కూర పెడితే ఆ విటమిన్ అంతగా పేగు దాటదు.

ఇప్పుడు బి12 గురించి. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం.

గోలీలోని ఫోలిక్ ఆమ్లానికి మన భీమవరంలో పుట్టిన ఒక శాస్త్రవేత్తతో సంబంధం ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు, తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ అనే పేగు వ్యాధితో పోయారు, ఆయనా దాని బారిన పడ్డారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషణ చేసింది. స్ప్రూ రోగులకు అది ప్రాణం పోసింది. అదే మందును పెర్నీషియస్ అనీమియా అనే ఇంకో రకం రక్తహీనత రోగులకు ఇచ్చినప్పుడు రక్తం బాగుపడింది గాని, కాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు, నరాల దెబ్బ మాత్రం ముదిరిపోయాయి. వాళ్లకు అసలు లోపించింది బి12. దాన్ని 1948లో వేరుచేశారు. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్త పరీక్షలో బి12 లోపం కనపడకుండా పోవచ్చని, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటాయని వైద్యులు అప్పుడు నేర్చుకున్నారు.

మనం ఇస్తున్న ఎర్ర గోలీలో బి12 లేదు. రేషన్‌లో, మధ్యాహ్న భోజనంలో ఇస్తూ వచ్చిన బలవర్ధక బియ్యంలో ఐరన్, ఫోలిక్ ఆమ్లంతోపాటు బి12 కూడా కలిపారు. వందకొకటి చొప్పున కలిపిన ఆ పోషకాల గింజలు నీళ్లలో తేలితే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసిన ఇళ్లున్నాయి. ఆ గింజ ఏమిటో, ఎందుకు కలిపారో ఇంటింటికీ సరిగా చెప్పించలేదు. చెప్పకుండా పెడితే జనం అనుమానించడంలో వింతేముంది? మాంసం, చేప తినని కుటుంబాల్లో, గుడ్డు కూడా ముట్టని ఇళ్లల్లో బి12 లోపం మామూలు. అనీమియా ముక్త్ భారత్ నియమాల్లో నెల రోజులు గోలీలు వేసుకున్నా హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే పై ఆసుపత్రికి పంపాలని ఉంది. పంపిన తర్వాత అక్కడ బి12 చూస్తున్నారా? చాలాచోట్ల మళ్లీ ఐరనే, మోతాదు పెంచి. మలబద్ధకం పెరుగుతుంది, మలం నల్లబడుతుంది, ఆ పిల్ల భయపడి గోలీలు అటకెక్కిస్తుంది. ఇలా తిరిగొచ్చిన ప్రతి గర్భిణికీ బి12 పరీక్ష తప్పనిసరి చేయండి. జిల్లా ఆసుపత్రి ల్యాబుల్లో అది ఉండేలా చూడండి.

బలం టానిక్కుల గురించి కూడా ఒక మాట. గోలీలు పట్టడం లేదనగానే ప్రైవేటు మెడికల్ షాపుల్లో మల్టీవిటమిన్లు, జింక్, టానిక్కులు చేతిలో పెడుతున్నారు. జింక్ ఎక్కువ మోతాదులో చాలా కాలం వాడితే రాగి గ్రహింపు తగ్గుతుంది. రాగి తగ్గితే మళ్లీ రక్తహీనతే. విటమిన్ ఎ గర్భిణికి అతిగా పడితే బిడ్డకే హాని. కేంద్రానికొచ్చే గర్భిణిని అవన్నీ సంచిలో తెచ్చి చూపించమని ఏఎన్‌ఎం అడగాలి.

చివరిగా, స్ట్రిప్ మీద రాసే మాట. గోలీ పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు అన్నీ ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. కొనుగోలు టెండరులో ఒక్క నిబంధన చేర్చండి. ఎర్ర గోలీ స్ట్రిప్ వెనక పెద్ద తెలుగు అక్షరాల్లో ఇలా ఉండాలి: "రాత్రి పడుకునే ముందు, నీళ్లతో. పాలు, పెరుగు, టీ, క్యాల్షియం గోలీతో కలిపి వద్దు. మలం నల్లగా వస్తే భయపడొద్దు. పిల్లలకు అందకుండా పెట్టండి." ఆఖరి మాట ఎందుకంటే, పంచదార పూతతో మెరిసే ఎర్ర గోలీలు చూసి చాక్లెట్టనుకుని పసిపిల్లలు మింగేస్తారు. అలా ఎక్కువ మింగిన పిల్లల ప్రాణం మీదికి వస్తుంది. క్యాల్షియం స్ట్రిప్ మీద "అన్నంతో పాటు" అని ఒక్క ముక్క చాలు. చదువు రానివాళ్ల కోసం చందమామ బొమ్మ ఒకదాని మీద, అన్నం పళ్లెం బొమ్మ ఒకదాని మీద వేయించండి. బిళ్లలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనే భయం కూడా ఇంకా చాలా ఇళ్లల్లో ఉంది. ఆశా కార్యకర్తలు దాన్ని అత్తగార్ల ముందే పోగొట్టాలి. కోడలు ఏం మింగాలో చాలాచోట్ల చెప్పేది వాళ్లే.

ప్రాజెక్టు ఎంపిక చేసి కబురు పంపితే, కేంద్రాల్లో లెక్కలు రాయడానికి, ఇళ్లకు వెళ్లి స్ట్రిప్పులు చూడటానికి మా కళాశాల విద్యార్థినులు సిద్ధంగా ఉన్నారు. వాళ్లకు భత్యం అక్కర్లేదు, అనుమతి పత్రం ఇస్తే చాలు.

ఇట్లు,
పోషకాహార శాస్త్ర అధ్యాపకురాలు